నిర్మాణ నిర్వహణ సాఫ్ట్‌వేర్ ఏపీఐ నుంచి ప్రాజెక్టు రికార్డులను ఫిల్టర్ చేసి, పేజీలవారీగా తెచ్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ, కరీంనగర్, మంచిర్యాల, నిజామాబాద్ ప్రాంతాలలో భవనాలు, రోడ్లు, కాలువల పనులు చేసే సంస్థలలో డేటా బాధ్యత చూస్తున్న ఇంజనీర్లు, కొత్తగా చేరిన ప్రోగ్రామర్లు తరచుగా అడిగే ప్రశ్నలకు జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాము. ఏపీఐ అంటే ఒక ప్రోగ్రాము మరో సాఫ్ట్‌వేర్‌ను నేరుగా అడిగి డేటా తెచ్చుకునే మార్గం. ఏ ఒక్క సాఫ్ట్‌వేర్‌కూ పరిమితం కాకుండా రాసినప్పటికీ, తేడా తెలియవలసిన చోట ప్రోకోర్, ఆటోడెస్క్ కన్‌స్ట్రక్షన్ క్లౌడ్ అనే రెండు నిర్మాణ నిర్వహణ సాఫ్ట్‌వేర్‌ల పద్ధతులను పేరుతోనే ప్రస్తావించాము. ఎర్రర్ చూపించి ఆగిపోయే ప్రోగ్రాము వల్ల ఒక పూట ఆలస్యం తప్ప పెద్ద నష్టమేమీ ఉండదు. సగం రికార్డులే తెచ్చి, అన్నీ వచ్చినట్టే రిపోర్టు తయారుచేసే ప్రోగ్రాము వల్లనే కొలతలూ బిల్లులూ తప్పుతాయి. అందువల్ల ఈ జవాబులలో ఎక్కువ భాగం ఆ రెండో రకం ప్రమాదం గురించే ఉంటుంది.

సాఫ్ట్‌వేర్‌లోనే రిపోర్టు డౌన్‌లోడ్ చేసుకునే వీలు ఉండగా ఏపీఐ ఎందుకు?

మీకు ఒకటే ప్రాజెక్టు ఉండి, వారానికి ఒకసారి సమీక్షా సమావేశానికి ఒక పట్టిక కావాలంటే ఏపీఐ అవసరం లేదు. సాఫ్ట్‌వేర్ ఇచ్చే రిపోర్టునే వాడుకోండి. అనేక ప్రాజెక్టుల వివరాలు ప్రతి ఉదయం ఒకచోటికి చేరాలన్నా, ఆ వివరాలను మీ సొంత స్టోర్ లెక్కలతోనో టాలీలోని ఖాతాలతోనో సరిపోల్చాలన్నా మాత్రం చేత్తో డౌన్‌లోడ్ చేయడం కొన్నాళ్లకే ఆగిపోతుంది. అప్పుడు ఏపీఐ వైపు రావడం న్యాయం.

రికార్డుల కోసం పంపే అభ్యర్థనలో ఏమేమి ఉంటాయి?

దాదాపు ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ ఐదు విషయాలు ఉంటాయి: ఏ సంస్థ, ఏ ప్రాజెక్టు, ఏ రకం రికార్డు అన్నది తెలిపే చిరునామా, మీరు ఎవరో చెప్పే యాక్సెస్ టోకెన్, ఏ రికార్డులు కావాలో చెప్పే ఫిల్టర్లు, ఏ వరుసలో కావాలో చెప్పే సార్టింగ్, ఏ పేజీ, పేజీకి ఎన్ని అన్న లెక్క. టోకెన్ ఇచ్చే పద్ధతి సాధారణంగా ఓఆత్ 2.0, దాని నిర్వచనం 2012లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6749 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో ఉంది. ప్రోకోర్ అయితే సంస్థ ఐడీని ప్రత్యేకంగా ఒక హెడర్‌లో (అభ్యర్థనతోపాటు విడిగా వెళ్లే సమాచార వరుసలో) పంపమంటుంది. టోకెన్‌ను ఎప్పుడూ హెడర్‌లోనే పంపాలి. యూఆర్‌ఎల్‌లో పెడితే అది సర్వర్ లాగ్‌లలోనూ బ్రౌజర్ చరిత్రలోనూ నిలిచిపోతుంది. వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదన్న సంగతి వేరే చెప్పనవసరం లేదని అనిపిస్తుంది గానీ, చెప్పవలసే వస్తున్నది.

ప్రాజెక్టు ఐడీ అంటే మీ వర్క్ ఆర్డర్ నంబరు కాదు, అగ్రిమెంటు నంబరూ కాదు. సాఫ్ట్‌వేర్ తనకు తానే ఇచ్చుకున్న అంతర్గత గుర్తింపు అది. ముందుగా ప్రాజెక్టుల జాబితాను తెచ్చుకొని, మీ అగ్రిమెంటు నంబరుకు ఎదురుగా ఆ ఐడీని రాసి ఉంచుకుంటే తరువాతి పనులన్నీ తేలికవుతాయి. ఆ జాబితా తెచ్చేటప్పుడే ముగిసిన పనులు కూడా వస్తున్నాయో లేదో చూడండి. నడుస్తున్న ప్రాజెక్టులను మాత్రమే చూపించడం అప్రమేయ (డిఫాల్ట్) అమరికగా ఉండే అవకాశం ఉంది. అలా ఉంటే, పని పూర్తయి డిఫెక్ట్ లయబిలిటీ గడువులో (లోపాలను కాంట్రాక్టరే సరిచేయవలసిన కాలంలో) ఉన్న ప్రాజెక్టు మీ లెక్కలోంచి చడీచప్పుడు లేకుండా తప్పుకుంటుంది.

మా ప్రాజెక్టులో 340 ఆర్‌ఎఫ్‌ఐలు (పని గురించి స్పష్టత కోరుతూ పంపే ప్రశ్నలు) ఉన్నాయి. ఏపీఐ 100 మాత్రమే ఇచ్చింది, ఎర్రర్ ఏదీ రాలేదు. కారణం ఏమిటి?

మీకు అందింది మొదటి పేజీ మాత్రమే. జాబితా ఎంత పెద్దదైనా సర్వర్ ఒక అభ్యర్థనకు కొన్ని రికార్డులే ఇస్తుంది. మిగిలినవి మీరు అడిగి తీసుకోవాలి. హెచ్‌టీటీపీ లెక్కలో ఇది పూర్తి విజయమే, అందుకే 200 కోడ్ వచ్చింది.

దీనికి విరుగుడుగా చాలామంది పేజీ పరిమాణాన్ని ఒక్కసారిగా 1000కి పెంచుతారు. ఇక్కడే అసలు చిక్కు. సర్వర్ గరిష్ఠ పరిమితి 100 అయితే, కొన్ని ఏపీఐలు మీ 1000ని తిరస్కరిస్తాయి, అది మంచిదే. మరికొన్ని మాత్రం ఏమీ అనకుండా 100 ఇచ్చి ఊరుకుంటాయి. మీ ప్రోగ్రాములో ‘అడిగినదానికంటే తక్కువ వస్తే అదే చివరి పేజీ’ అన్న నియమం ఉంటే, అది 1000 అడిగి 100 అందుకొని, చివరి పేజీ వచ్చేసిందనుకొని అక్కడితో ఆగిపోతుంది. ప్రోగ్రాములో తప్పు లేదు, సర్వర్‌లోనూ తప్పు లేదు, రిపోర్టులో 240 ఆర్‌ఎఫ్‌ఐలు లేవు. అందువల్ల పేజీ పరిమాణాన్ని డాక్యుమెంటేషన్ చెప్పిన గరిష్ఠానికి లోబడి పెట్టుకోవాలి. ఆగవలసిన చోటును మీ అడుగుదలతో కాకుండా సర్వర్ చెప్పే మాటతో నిర్ణయించాలి.

చివరి పేజీ వచ్చిందని సర్వర్ ఎలా చెబుతుంది?

సాఫ్ట్‌వేర్‌ను బట్టి మారుతుంది. ప్రోకోర్ పద్ధతిలో పేజీ నంబరు, పేజీకి ఎన్ని అనే రెండు పారామీటర్లు పంపుతాము. జవాబు హెడర్లలో మొత్తం రికార్డుల సంఖ్యతోపాటు, లింక్ అనే హెడర్‌లో తరువాతి పేజీ, చివరి పేజీ చిరునామాలు వస్తాయి. ఈ లింక్ హెడర్ ఎవరో ఇష్టం వచ్చినట్టు కల్పించుకున్నది కాదు. 2017 నాటి ఆర్‌ఎఫ్‌సీ 8288 దాన్ని ప్రామాణికం చేసింది. ఆటోడెస్క్ ఏపీఐలలో ఎక్కువగా లిమిట్, ఆఫ్‌సెట్ అనే జంట కనిపిస్తుంది, అంటే ‘మొదటి 200 వదిలేసి తరువాతి 100 ఇవ్వు’ అని అడగడం. పేజీల సమాచారం హెడర్‌లో కాకుండా జేసన్ అనే డేటా రూపంలో వచ్చే జవాబు లోపలే ఉంటుంది.

తరువాతి పేజీ చిరునామాను సర్వర్ ఇస్తున్నప్పుడు దాన్ని ఉన్నదున్నట్టు వాడుకోవడమే సురక్షితం. చిరునామాను మళ్లీ మీరే కూర్చబోతే ఒక ఫిల్టర్ జారిపోయే ప్రమాదం ఉంది. రెండో పేజీ నుంచి ఫిల్టర్ లేని రికార్డులు వచ్చి కలిసిపోతే కనిపెట్టడం కష్టం.

ఒకరోజు జాబితా పూర్తిగా ఖాళీగా రావచ్చు. దసరా రోజున సైట్ మూసి ఉంటే రోజువారీ నివేదిక ఉండదు కదా. ఖాళీ జాబితాతో వచ్చిన 200 కూడా సరైన జవాబే. దాన్ని ఎర్రర్‌గా లెక్కించి పదేపదే అడగకండి.

మేము పేజీలు తెచ్చుకుంటున్న సమయంలోనే సైట్‌లో కొత్త రికార్డులు చేరుతుంటే ఏమవుతుంది?

పేజీలన్నవి గట్టిగా కుట్టిన పుస్తకంలోని పేజీలు కావు. మీరు అడిగిన ప్రతిసారీ సర్వర్ జాబితాను మళ్లీ తయారుచేసి, అందులోంచి ముక్క కోసి ఇస్తుంది. రెండేళ్లకోసారి జరిగే మేడారం జాతరకు ముందు ములుగు వైపు రోడ్డు పనులు పగలూ రాత్రీ నడిచే రోజులను ఊహించుకోండి: కొత్తవి ముందు వచ్చేలా సార్ట్ చేసిన జాబితాలో మీరు మొదటి పేజీ చదివి రెండోది అడిగేలోగా మూడు కొత్త తనిఖీ రికార్డులు చేరితే, మొదటి పేజీ చివరనున్న మూడు రికార్డులు రెండో పేజీలోకి జరిగి మళ్లీ మీకు వస్తాయి. ఇది నకళ్ల సమస్య, ఐడీ ఆధారంగా ఏరివేస్తే తీరుతుంది.

దీనికి ఎదురు దిశలో జరిగేది ప్రమాదకరం. 240 ఓపెన్ పంచ్ ఐటెమ్‌లు (సరిచేయవలసి మిగిలిన లోపాల నమోదులు) ఉన్నాయనుకుందాం. ‘ఓపెన్’ అన్న ఫిల్టర్‌తో పేజీకి 100 చొప్పున తెచ్చి, ప్రతి ఐటెమ్‌నూ పరిశీలించి మూసివేసే ప్రోగ్రామును రాశారు. మొదటి పేజీలోని 100 మూతపడగానే ఓపెన్ జాబితాలో మిగిలేవి 140. ఇప్పుడు మీరు రెండో పేజీ అడిగితే సర్వర్ ఆ 140లో 101 నుంచి 140 వరకు ఇస్తుంది, అంటే మొదట్లో 201 నుంచి 240 వరకు ఉన్నవి. మధ్యలోని 100 ఐటెమ్‌లను మీ ప్రోగ్రాము చూడనే లేదు, అయినా పని విజయవంతంగా ముగిసిందని చెబుతుంది. ఇలాంటి చోట ముందుగా ఐడీలన్నిటినీ సేకరించి, ఆ తరువాతే మార్పులు మొదలుపెట్టాలి. సేకరణ, మార్పు రెండూ ఒకే లూప్‌లో ఉండకూడదన్నది మా కార్యాలయంలో నియమం.

సార్టింగ్ విషయంలో రెండు జాగ్రత్తలు. మారని దాని మీద సార్ట్ చేయండి: ఐడీ మీదనో, సృష్టించిన సమయం మీదనో, పాతవి ముందు వచ్చేలా. అప్పుడు కొత్తవి తోకలో చేరతాయి గానీ మధ్యలో దూరవు. తేదీ మీద సార్ట్ చేయవలసి వస్తే, ఒకే తేదీ గల రికార్డుల మధ్య వరుస తేల్చడానికి ఐడీని రెండో ప్రమాణంగా పెట్టండి. లేకపోతే ఒకే రోజు నమోదైన 60 రికార్డులు ఒక్కో అభ్యర్థనకు ఒక్కో వరుసలో రావచ్చు, పేజీ సరిహద్దు దగ్గర ఒక రికార్డు రెండుసార్లు వచ్చి మరొకటి అసలు రాకపోవచ్చు.

కర్సర్ పద్ధతి వీటికి పరిష్కారమా?

చాలావరకు అవును. పేజీ నంబరు బదులు ‘ఇదిగో, ఇక్కడివరకు చదివావు’ అని సర్వర్ ఒక గుర్తు ఇస్తుంది. తరువాతిసారి దాన్నే తిరిగి పంపుతాము. మధ్యలో రికార్డులు చేరినా తొలగినా చదువుతున్న చోటు జరిగిపోదు. అయితే ఆ గుర్తు లోపల ఏముందో విప్పి చూసి, దాని మీద ఆధారపడి ప్రోగ్రాము రాయకండి; నెలల తరబడి దాచుకోనూ వద్దు, దానికి గడువు ఉండవచ్చు.

ఫిల్టర్ పంపినా అన్ని రికార్డులూ వస్తున్నాయి. ఏమి చూడాలి?

ముందుగా పేరు చూడండి. పారామీటర్ పేరులో ఒక్క అక్షరం తప్పినా కొన్ని ఏపీఐలు దాన్ని గుర్తించని పారామీటర్‌గా భావించి పక్కన పెట్టేస్తాయి, ఫిర్యాదు చేయవు. ప్రోకోర్‌లో ఫిల్టర్ పేర్లు చదరపు బ్రాకెట్ల మధ్య ఉంటాయి. తేదీల పరిధి ఇవ్వడానికి రెండు తేదీల మధ్య మూడు చుక్కలు పెడతారు. ఈ వ్యాకరణం సాఫ్ట్‌వేర్ సాఫ్ట్‌వేర్‌కూ వేరు, ఒకదానిలో పనిచేసింది మరొకదానిలో నిశ్శబ్దంగా వృథా అవుతుంది.

ఫిల్టర్ నిజంగా పనిచేస్తున్నదో లేదో తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఒకటి ఉంది. ఎవరికీ ఉండే అవకాశం లేని విలువను ఇవ్వండి. ఉదాహరణకు 1950 సంవత్సరంలో సృష్టించిన రికార్డులు కావాలని అడగండి. సున్నా రికార్డులు వస్తే ఫిల్టర్ బతికి ఉన్నట్టే. మొత్తం జాబితా వస్తే దాన్ని ఎవరూ చదవడం లేదు. ప్రతి కొత్త ఫిల్టర్‌నూ వాడుకలోకి తెచ్చే ముందు ఈ పరీక్ష చేయడం అలవాటు చేసుకోవాలి, చేయడానికి నిమిషం కూడా పట్టదు.

తరువాత విలువ చూడండి. తెర మీద ‘పెండింగ్’ అని కనిపించే స్థితి, లోపల వేరే కోడ్‌గా ఉండవచ్చు. పైగా స్థితుల పేర్లను సంస్థ అడ్మిన్ మార్చుకునే వీలు కూడా ఉంటుంది. లేబుల్‌తో కాక కోడ్‌తోనే ఫిల్టర్ చేయాలి. సాఫ్ట్‌వేర్ నుంచే స్థితుల జాబితాను తెచ్చుకొని చూస్తే అనుమానం తీరుతుంది.

తేదీల ఫిల్టర్‌లో ఒక రోజు అటూ ఇటూ ఎందుకు అవుతున్నది?

సర్వర్లు సమయాన్ని సాధారణంగా యూటీసీ అనే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో దాచుకుంటాయి, మన గడియారం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందు ఉంటుంది. వేసవిలో రామగుండం, మంచిర్యాల వైపు ఎండకు జడిసి స్లాబ్ కాంక్రీటు రాత్రిపూట పోస్తారు. మే 14 తెల్లవారుజామున 2 గంటలకు మొదలైన పోత రికార్డు, యూటీసీలో మే 13 రాత్రి 8:30గా నమోదవుతుంది. ‘మే 14’ అని మాత్రమే అడిగితే, సర్వర్ దాన్ని యూటీసీ రోజుగా అర్థం చేసుకున్న పక్షంలో, ఆ పోత జాబితాలో ఉండదు. సైట్ ఇంజనీరు రాశానంటారు, ఆఫీసులో రాలేదంటారు, ఇద్దరూ నిజమే చెబుతుంటారు.

మార్చి 31 దగ్గర ఇదే సంగతి డబ్బు మీదికి వస్తుంది. ఆర్థిక సంవత్సరం ముగిసే రోజున బిల్లులు చీకటి పడిన తరువాత కూడా నమోదవుతూనే ఉంటాయి. మన మార్చి 31 అంటే యూటీసీ లెక్కలో మార్చి 30 సాయంత్రం 6:30 నుంచి మార్చి 31 సాయంత్రం 6:30 వరకు. యూటీసీ మార్చి 31ని అలాగే తీసుకుంటే, మన మార్చి 31 తెల్లవారుజామున 5:30కి ముందువి పోయి, ఏప్రిల్ 1 తెల్లవారుజామున 5:30కి ముందువి వచ్చి చేరతాయి. కాబట్టి పరిధిని మన సమయంలో నిర్ణయించి, యూటీసీకి మార్చి, గంట నిమిషాలతో సహా పంపాలి. ‘మొదటి క్షణం కలుపుకొని, తరువాతి రోజు మొదటి క్షణం మినహాయించి’ అన్న పద్ధతిలో పరిధిని రాస్తే రాత్రి 11:59:59 తరువాతి చిన్న భాగం గురించి తల బద్దలుకొట్టుకోనవసరం ఉండదు.

మన కాలమండలాన్ని +05:30 అని నేరుగా యూఆర్‌ఎల్‌లో పంపేవారికి ఒక హెచ్చరిక. క్వెరీ భాగంలోని (ప్రశ్న గుర్తు తరువాత వచ్చే భాగంలోని) కూడిక గుర్తును చాలా సర్వర్లు ఖాళీగా చదువుతాయి. దాన్ని శాతం గుర్తు, 2, బీ అక్షరం కలిపిన సంకేతంగా ఎన్‌కోడ్ చేసి పంపాలి. అమెరికా కాలమండలాలకు తీసివేత గుర్తు వస్తుంది కాబట్టి అక్కడి ఉదాహరణలు అలాగే పనిచేస్తాయి; వాటిని చూసి మన సమయానికి మార్చుకున్నవారికే ఈ దెబ్బ తగులుతుంది.

గంటలు లేకుండా తేదీ మాత్రమే ఉండే ఫీల్డులు, ఉదాహరణకు రోజువారీ నివేదిక తేదీ, వీటికి మినహాయింపు. వాటిని ఏ కాలమండలంలోకీ మార్చకూడదు.

ప్రతిరోజూ మొత్తం తెచ్చుకోకుండా కొత్తవి మాత్రమే తెచ్చుకోవచ్చా?

వచ్చు, కానీ ‘సృష్టించిన తేదీ’ మీద కాకుండా ‘చివరిగా మార్చిన సమయం’ మీద ఫిల్టర్ పెట్టాలి. కాంక్రీటు క్యూబ్ పరీక్షలను (పోసిన కాంక్రీటు నమూనా ఘనాలను పగలగొట్టి బలం చూసే పరీక్షలను) చూడండి. పోత రోజునే రికార్డు తెరుస్తారు, 7 రోజుల ఫలితం తరువాత రాస్తారు, 28 రోజుల ఫలితం ఆ తరువాత రాస్తారు. కాంక్రీటు పనులకు భారత ప్రమాణమైన ఐఎస్ 456: 2000 ప్రకారం ఆమోదానికి ఆధారం 28 రోజుల బలమే. నిన్న సృష్టించినవి మాత్రమే తెచ్చుకునే ప్రోగ్రాముకు ప్రతి క్యూబ్ రికార్డూ ఫలితం గడి ఖాళీగా ఉన్నప్పుడే దొరుకుతుంది, ఆ తరువాత ఎప్పటికీ దొరకదు. బలం చాలని క్యూబ్ ఏదైనా ఉంటే అది మీ రిపోర్టులో ‘ఫలితం రావలసి ఉంది’ అన్న వరుసలోనే ఉండిపోతుంది.

గతసారి ఎక్కడ ఆగామో గుర్తుపెట్టుకొని, అక్కడినుంచి కొద్ది నిమిషాలు వెనక్కి జరిగి మొదలుపెట్టండి. సర్వర్‌లో రాత పూర్తయ్యే క్షణానికీ, జాబితాలో కనిపించే క్షణానికీ మధ్య కాస్త వ్యవధి ఉండవచ్చు. కొన్ని రికార్డులు రెండుసార్లు వస్తాయి, ఐడీ ఆధారంగా పాతదాని మీద కొత్తది రాస్తే సరిపోతుంది. గుర్తుపెట్టుకునే సమయం మీ కంప్యూటర్ గడియారానిది కాకుండా సర్వర్ ఇచ్చిన రికార్డులలోని చివరి సమయం కావాలి. రెండు గడియారాలు ఎప్పుడూ ఒకేలా నడవవు.

తొలగించిన రికార్డు మాత్రం ఈ దారిలో మీకు తెలియదు, లేని రికార్డుకు మార్చిన సమయం ఉండదు కాబట్టి. వారానికి ఒకసారి ఐడీలను మాత్రం పూర్తిగా తెచ్చుకొని, మీ దగ్గర ఉండి అక్కడ లేనివాటిని గుర్తించడం సరళమైన మార్గం. వెబ్‌హుక్‌లు (మార్పు జరగగానే సర్వర్ తానే మీకు పంపే కబుర్లు) తొలగింపు సమాచారాన్ని అప్పటికప్పుడే ఇవ్వగలవు గానీ, మీ సర్వర్ ఆగి ఉన్నప్పుడు వచ్చిన కబురు పోవచ్చు. కాబట్టి అవి ఉన్నా వారపు సరిచూపు మానవద్దు.

జిల్లా పేరుతో, ఊరి పేరుతో ఫిల్టర్ చేస్తే కొన్ని రికార్డులు రావడం లేదు. తెలుగు వల్ల సమస్యా?

సమస్యలో సగం తెలుగు లిపిది, సగం మన జిల్లాల చరిత్రది.

లిపి సంగతి ముందు. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షర సంకేతం యూటీఎఫ్-8లో మూడు బైట్లు తీసుకుంటుంది. యూఆర్‌ఎల్‌లో ఒక్కో బైటు మూడు గుర్తులుగా మారుతుంది. ‘వరంగల్’ అన్న చిన్న మాటలో ఆరు సంకేతాలు ఉన్నాయి, యూఆర్‌ఎల్‌లో అది 54 గుర్తుల పొడవు అవుతుంది. లైబ్రరీతో ఎన్‌కోడ్ చేయిస్తే ఇబ్బంది లేదు, చేత్తో అతికిస్తే ఉంది. అంతకంటే మోసకరమైనది కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు. పొల్లు అక్షరం తరువాత కొన్ని కీబోర్డులు దాన్ని చేరుస్తాయి. అది ఉన్న ‘కరీంనగర్’, లేని ‘కరీంనగర్’ మన కంటికి ఒకటే, సర్వర్‌కు వేర్వేరు. హనుమకొండ, హన్మకొండ అని రెండు విధాలా రాసేవారు ఉండనే ఉన్నారు.

ఇక చరిత్ర. 2016 అక్టోబరులో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు పాత వరంగల్ జిల్లా వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలుగా విడిపోయింది. 2019లో భూపాలపల్లి నుంచి ములుగు వేరయింది. 2021లో వరంగల్ అర్బన్ పేరు హనుమకొండగా, వరంగల్ రూరల్ పేరు వరంగల్‌గా మారాయి. అంటే ‘జిల్లా: వరంగల్’ అని ఉన్న రికార్డు 2015 నాటిదైతే ఒక విశాలమైన ప్రాంతం, నేటిదైతే చాలావరకు ఒకనాటి రూరల్ జిల్లా. కాజీపేట దగ్గర జరిగిన పని పాత రికార్డులో వరంగల్, కొత్త రికార్డులో హనుమకొండ. పేరుతో ఫిల్టర్ చేసి, పదేళ్ల పనులను జిల్లాలవారీగా కూడితే ఆ మొత్తాలు ఏ జిల్లావీ కావు.

కాబట్టి ప్రదేశం పేరును ఫిల్టర్‌గా వాడకండి. ప్రాజెక్టు ఐడీతో తెచ్చుకొని, ఏ ప్రాజెక్టు నేటి ఏ జిల్లా, ఏ మండలం కిందికి వస్తుందో చెప్పే పట్టికను మీ దగ్గర ఉంచుకోండి. ఆ పట్టికను ఒక మనిషి కూర్చొని తయారుచేయాలి. దానికి అడ్డదారి లేదు.

అదే అభ్యర్థనకు నాకు 180 రికార్డులు, మా మేనేజర్ టోకెన్‌తో 215 వచ్చాయి. ఏది సరైనది?

రెండూ సరైనవే. సర్వర్ మీ ఫిల్టర్లకంటే ముందు మీ అనుమతులను వర్తింపజేస్తుంది. ప్రైవేటుగా గుర్తించిన ఆర్‌ఎఫ్‌ఐలు, ఒక సబ్‌కాంట్రాక్టరుకు మాత్రమే కనిపించవలసిన కమిట్‌మెంటులు (కాంట్రాక్టు, కొనుగోలు ఒప్పందాలు), మీరు సభ్యులు కాని ప్రాజెక్టులు మీ జాబితాలో ఉండవు. ఉండవన్న సూచన కూడా ఉండదు. ఒక్క రికార్డును నేరుగా అడిగినప్పుడు సైతం, అనుమతి లేదనే 403 బదులు అసలు లేదనే 404 ఇచ్చే ఏపీఐలు ఉన్నాయి. రికార్డు ఉందన్న సంగతి కూడా బయటపడకూడదన్నది వాటి ఉద్దేశం.

సంస్థ మొత్తానికి ఉద్దేశించిన రిపోర్టు ఒక ఉద్యోగి సొంత టోకెన్ మీద నడవకూడదు. ఆయన వేరే సైట్‌కు బదిలీ అయిన రోజున రిపోర్టు సన్నబడిపోతుంది, కారణం ఎవరికీ తట్టదు. దీనికోసం ప్రత్యేకమైన సర్వీసు ఖాతా తీసుకొని, చదివే అనుమతి మాత్రమే ఇప్పించి, కొత్త ప్రాజెక్టు తెరిచిన ప్రతిసారీ ఆ ఖాతాను చేర్చే బాధ్యతను ఒకరికి అప్పగించండి.

మధ్యలో 429 వస్తున్నది. ఏమి చేయాలి?

మీరు అనుమతించిన వేగాన్ని మించారు. 2012 నాటి ఆర్‌ఎఫ్‌సీ 6585 ఈ కోడ్‌ను నిర్వచించింది. జవాబులో రిట్రై ఆఫ్టర్ హెడర్ ఉంటే అది చెప్పినంతసేపు ఆగండి. లేకపోతే 1, 2, 4, 8 సెకన్లు అంటూ ప్రతిసారీ రెట్టింపు చేస్తూ, దానికి కొంత యాదృచ్ఛిక వ్యవధిని కలిపి మళ్లీ అడగండి. వెంటవెంటనే అడగడం వల్ల నిరీక్షణ పెరుగుతుందే గానీ తగ్గదు.

పరిమితికి కొట్టుకునేవారిలో ఎక్కువమంది పేజీల వల్ల కాదు, వివరాల వల్ల కొట్టుకుంటారు. జాబితాలో ప్రతి రికార్డుకూ క్లుప్త సమాచారమే ఉంటుంది. పూర్తి వివరం కోసం ఒక్కొక్కదానికీ విడిగా అభ్యర్థన పంపుతారు. 12,400 రికార్డులను పేజీకి 100 చొప్పున తెస్తే 124 అభ్యర్థనలు చాలు. ఒక్కొక్కదాని వివరమూ అడిగితే మరో 12,400. గంటకు 3600 అభ్యర్థనల పరిమితి ఉందనుకుంటే ఇది మూడున్నర గంటల పని. మారిన రికార్డుల వివరాలు మాత్రమే అడిగితే రోజువారీగా ఆ సంఖ్య పదుల్లోకి దిగుతుంది. జాబితాలోనే మరిన్ని ఫీల్డులు ఇవ్వమని కోరే పారామీటర్ ఉందేమో కూడా డాక్యుమెంటేషన్‌లో వెతకండి.

సైట్ ఆఫీసులో నెట్ మాటిమాటికీ పోతుంది. మధ్యలో తెగితే మొదటినుంచి రావాలా?

అవసరం లేదు. రికార్డులు చదివే గెట్ అభ్యర్థన సర్వర్‌లో దేన్నీ మార్చదు, ఎన్నిసార్లు పంపినా నష్టం లేదు. ప్రతి పేజీ రాగానే దాన్ని భద్రపరచి, ఎక్కడివరకు వచ్చామో రాసుకొని, ఆ తరువాతే ముందుకు వెళ్లండి. అయితే మొత్తం పేజీలు అందేవరకు పాత రిపోర్టును చెరపకూడదు. సగం తెచ్చిన డేటాను విడిగా ఉంచి, పూర్తయ్యాకే మార్పిడి చేయాలి. భూపాలపల్లి, ఏటూరునాగారం వైపు అడవిలో ఉన్న సైట్ల నుంచి ఈ ప్రోగ్రామును నడపడం కంటే, నగరంలోని కార్యాలయంలోనో క్లౌడ్‌లోనో నడిపి, ఫలితాన్ని మాత్రం సైట్‌కు పంపడం మేలు.

తెచ్చుకున్న జాబితా పూర్తిగా ఉందని ఎలా నిర్ధారించుకోవాలి?

సర్వర్ చెప్పిన మొత్తం సంఖ్యతో మీ దగ్గరున్న విభిన్న ఐడీల సంఖ్యను పోల్చండి. వరుసల సంఖ్యను కాదు; నకళ్లు, లోపించినవి ఒకదానికొకటి సరిపోయి వరుసల లెక్క యాదృచ్ఛికంగా కలిసిపోవచ్చు. మొత్తం సంఖ్యను మొదటి పేజీ దగ్గర ఒకసారి, చివరి పేజీ దగ్గర ఒకసారి రాసుకుంటే, మధ్యలో ఎన్ని చేరాయో తెలుస్తుంది. తేడా వస్తే ప్రోగ్రాము ఆగిపోయి చెప్పాలి, ఉన్నదానితో రిపోర్టు చేయకూడదు.

దీనికి తోడు, మనిషి చేత్తో చేసే తనిఖీ ఒకటి ఉండాలి. సైట్ ఇంజనీరుకు బాగా గుర్తున్న ఒక రికార్డును, ఉదాహరణకు గొడవపడి తేల్చుకున్న ఒక ఆర్‌ఎఫ్‌ఐని, జాబితాలో వెతకండి. ఆర్‌ఏ బిల్లుకు (పని నడుస్తుండగా పెట్టే రన్నింగ్ బిల్లుకు) ఆధారమైన కొలతలైతే ఎంబీలోని (కొలతల పుస్తకంలోని) మొత్తంతో ప్రోగ్రాము ఇచ్చిన మొత్తాన్ని పక్కపక్కన పెట్టి చూడాలి.

చివరికి అందరూ ఎక్సెల్‌లోనే అడుగుతారు. అక్కడ ఏమైనా జాగ్రత్తలున్నాయా?

ఉన్నాయి. తెలుగు ఉన్న సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే అక్షరాలు చెల్లాచెదరు కావచ్చు. ఫైలు మొదట్లో యూటీఎఫ్-8 బైట్ ఆర్డర్ మార్క్ (ఎన్‌కోడింగ్‌ను తెలిపే గుర్తు) ఉండేలా రాయండి. ‘3-12’ వంటి డ్రాయింగు నంబర్లను, ఇంటి నంబర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుంది. 15 అంకెలకు మించిన ఐడీలలో చివరి అంకెలు సున్నాలవుతాయి. ఈ రెండు రకాల గడులనూ టెక్స్ట్‌గానే ఇవ్వాలి, అందుకు సీఎస్‌వీ కంటే నేరుగా ఎక్సెల్ ఫైలును తయారుచేయడం నయం. ఫోటోలు, డ్రాయింగుల లింకులను పట్టికలో పెట్టేటప్పుడు అవి కొద్దిసేపే పనిచేసే తాత్కాలిక లింకులేమో చూసుకోండి. అటువంటివైతే లింకుకు బదులు రికార్డు ఐడీని ఇచ్చి, ఫైలును మీ దగ్గరే భద్రపరచండి.